టెక్సాస్ శాసనసభలో తుపాకీ బిల్లుపై మీ మాట వినిపించడం ఎలా?

2023 మే 6న డాలస్ దగ్గరి అలెన్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వారిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ ఇంజనీరు ఒకరు. రెండు రోజులకే, కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొనే వయసును 18 నుంచి 21కి పెంచే హెచ్‌బీ 2744 బిల్లు హౌస్ (దిగువ సభ) కమిటీలో 8-5 ఓట్లతో గట్టెక్కింది. చట్టం మాత్రం కాలేదు. సభ ముందుకు వెళ్లే గడువు దాటిపోయింది.

అందుకే మొదట చూసుకోవాల్సింది క్యాలెండర్. టెక్సాస్ శాసనసభ మామూలుగా బేసి సంవత్సరాల్లోనే కూర్చుంటుంది. జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజుల్లో ముగుస్తుంది. 2027లో అది జనవరి 12. మార్చి మధ్య దాకా బిల్లులు పెడతారు, మార్చి, ఏప్రిల్‌లలో కమిటీ విచారణలు ఎక్కువ. మేలో కదిలితే ఆలస్యమే. సమావేశాలు లేని నెలల్లో ప్రతినిధి జిల్లా ఆఫీసుకు వెళ్లండి, అప్పుడే వాళ్లకు కూర్చుని వినే తీరిక.

తర్వాత, ఎవరిని కలవాలి? సిటీ కౌన్సిల్‌ను అడిగి లాభం లేదు. తుపాకులపై నగరాలు సొంత నిబంధనలు పెట్టకుండా రాష్ట్ర చట్టమే అడ్డుకుంటోంది. శాసనసభ వెబ్‌సైట్‌లో మీ అడ్రస్ కొడితే 150 మంది హౌస్ సభ్యుల్లో, 31 మంది సెనేటర్లలో మీవాళ్లెవరో తెలుస్తుంది.

వెళ్లేటప్పుడు ఒక్క కోరికతోనే వెళ్లండి. ‘గన్ కంట్రోల్ కావాలి’ అంటే తల ఊపి పంపేస్తారు. ఇక్కడి గాలి ఎటు వీస్తోందో కూడా తెలిసి ఉండాలి. ప్రమాదకరంగా మారిన మనిషి దగ్గరి తుపాకీని కోర్టు తాత్కాలికంగా తీసేయించే రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వులను 2025లో నిషేధించింది ఈ శాసనసభే. నన్నడిగితే ఇంట్లో తుపాకీని తాళం వేసి ఉంచడం గురించి మాట్లాడటం మేలు. 17 ఏళ్లలోపు పిల్లలకు లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేయడం ఇప్పటికే నేరం కాబట్టి, దాన్ని గట్టిపరచమనడం కొత్త గొడవలా అనిపించదు.

వీసా మీద ఉన్నాం, మాట్లాడొచ్చా అని చాలామందికి టెన్షన్. మాట్లాడొచ్చు, ఉత్తరం రాయొచ్చు. ఓటు పౌరులకే. హెచ్1బీ, విద్యార్థి వీసాల వాళ్లు ఎన్నికల విరాళం ఇవ్వకూడదు, అది ఫెడరల్ నిషేధం. కమిటీ విచారణలో మీరు చెప్పే మాట, అంటే సాక్ష్యం, వీడియోలో రికార్డవుతుంది, ఎవరైనా చూడొచ్చు. ఇమిగ్రేషన్ చిక్కులుంటే ముందు లాయర్‌ను అడగండి.

ఇక సాక్ష్యం. హౌస్ కమిటీ విచారణకు సాధారణంగా ఐదు రోజుల ముందు నోటీసు వస్తుంది, సెనేట్‌లో 24 గంటలే ఉండొచ్చు. ఆస్టిన్‌లోని శాసనసభ భవనం క్యాపిటల్‌కు వెళ్లి, అక్కడి కియోస్క్‌లో పేరు, బిల్లు నంబరు, అనుకూలమా వ్యతిరేకమా అన్నది నమోదు చేయాలి. మాట్లాడకుండా మద్దతు మాత్రమే నమోదు చేయొచ్చు. వెళ్లలేని టెక్సాస్ వాసులు హౌస్ బిల్లులపై ఆన్‌లైన్‌లో అభిప్రాయం రాయొచ్చు. తిండి, ఫోన్ ఛార్జర్ తీసుకెళ్లండి. హెచ్‌బీ 2744 విచారణలో 2022లో యువాల్డీ స్కూలు కాల్పుల్లో పిల్లలను పోగొట్టుకున్న కుటుంబాలు పదమూడు గంటలకు పైగా కాచుకుని కూర్చున్నాయి.

మైకు దొరికేది రెండు, మూడు నిమిషాలే. అంకెలు వాళ్ల దగ్గరుంటాయి, మీ ఇంటి సంగతి చెప్పండి. ఉదాహరణకు: “ప్లేనోలో ఉంటాను. మా అబ్బాయి స్నేహితుల ఇళ్లకు ఆడుకోవడానికి వెళ్తాడు. మీ తుపాకీకి తాళం ఉందా అని వాళ్లమ్మను అడగడానికి నాకు మొహమాటం. చట్టం ఉంటే నేను అడగక్కర్లేదు. ఈ బిల్లుకు ఓటేయండి.” ఇది చాలు. ఇంగ్లిష్‌లో కాగితం మీద రాసుకుని చదివినా ఎవరూ ఏమీ అనుకోరు.

కమిటీలో గెలిస్తే ఆ సాయంత్రమే క్యాలెండర్స్ కమిటీ సభ్యుల ఆఫీసులకు ఫోన్లు మొదలుపెట్టండి. బిల్లును సభ అజెండాలో పెట్టేది వాళ్లే. ఫోన్ ఎత్తిన సిబ్బంది పేరు రాసుకోండి, రెండోసారి ఆ పేరుతోనే అడగండి.