లాలాజలం కొలవడం - మూడో పాఠం: నురగతో వచ్చే తప్పుడు లెక్క

రెండో పాఠం చదివి కావలి, కందుకూరు, పొదిలి వైపు నుంచి పాఠకులు ఏమీ నమలకుండా ఇంట్లో కొలిచి పంపిన లాలాజలం లెక్కలు చూశాక, నమిలించి కొలిచే పద్ధతిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. నోరు పిడచకట్టుకుపోతోందని, నీళ్లు లేనిదే ముద్ద దిగడం లేదని రాసినవారికే నిమిషానికి ఒక మిల్లీలీటరు వచ్చిందంటే ఆ కొలతను నమ్మలేము. ఏమీ నమలకుండా కూర్చున్న ఆరోగ్యవంతులకు సైతం నిమిషానికి మామూలుగా 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లే ఊరుతుంది.

తేడా ఎక్కువగా నురగ వల్ల వస్తోంది. దగ్గు మందు సీసాతో వచ్చే గీతల కప్పులోకి మాటిమాటికీ ఉమ్మితే లాలాజలంలో గాలి చేరి నురగ పైకి లేస్తుంది, చూసేవారు ఆ నురగ అంచునే గీతతో సరిపోల్చుకుంటారు. పైగా పదేపదే నోరు కదిలించి ఉమ్మడం వల్ల స్రావం కూడా కొంత పెరుగుతుంది. తల కొద్దిగా ముందుకు వంచి, పెదవులు తెరిచి, కింది పెదవి మీదుగా దానంతట అది కారనివ్వాలి. గడువు ముగిశాక నోట్లో మిగిలినదాన్ని ఒక్కసారే ఉమ్మాలి.

అప్పుడు కూడా గీతను చూడకుండా తూచమనే నేను గట్టిగా చెబుతాను. ఒక గ్రామును ఒక మిల్లీలీటరుగా తీసుకోవచ్చు. ఖాళీ కప్పు 6.2 గ్రాములు, పదిహేను నిమిషాల తర్వాత 7.6 గ్రాములు ఉంటే వచ్చినది 1.4 గ్రాములు, అంటే నిమిషానికి దాదాపు 0.09 మిల్లీలీటరు. అదే కప్పులో నురగ నాలుగు మిల్లీలీటర్ల గీతను తాకితే లెక్క 0.27 దగ్గరికి పోతుంది. 0.1 గాని, అంతకంటే తక్కువ గాని వస్తే స్రావం బాగా తగ్గినట్టు లెక్క. ఒంటి రక్షణ వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథులను దెబ్బతీసే షోగ్రెన్ వ్యాధికి 2016లో రూపొందించిన వర్గీకరణ ప్రమాణాల్లోనూ ఇదే హద్దు ఒక అంశంగా ఉంది. నురగను కొలిచినవారు వైద్యుడి దగ్గరకు వెళ్లవలసి ఉండగా, అంతా బాగానే ఉందనుకొని ఇంట్లో కూర్చుంటారు. కూరగాయలు తూచే కాటా ఇందుకు పనికిరాదు. బంగారం అంగళ్లలో వాడే తరహాలో, గ్రాములో పదో వంతైనా చూపే చిన్న కాటా కావాలి.

ఐదు నిమిషాల సేకరణ కూడా చెల్లుతుంది గాని, తక్కువగా ఊరేవారికి పదిహేను నిమిషాలే మేలని నా అభిప్రాయం. గంట ముందు నుంచి తిండి, కాఫీ, వక్క, పొగ, పళ్లు తోముకోవడం ఏవీ ఉండకూడదు. రోహిణి కార్తె ఎండలో తిరిగి వచ్చిన వెంటనే కొలిస్తే ఒంట్లో నీరు తగ్గిన ప్రభావం కూడా అందులో కలుస్తుంది కనుక, ఆ రోజు కొలత మానుకోండి. ఎలర్జీ మాత్రలు, కుంగుబాటుకు, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటివి స్రావాన్ని తగ్గిస్తాయి. వాటిని మీ అంతట మీరు ఆపకుండా, పేరూ మోతాదూ కొలత పక్కన రాయండి.

అభ్యాసం: వరుసగా మూడు రోజులు, ఉదయం ఒకే వేళకు, పదిహేను నిమిషాల చొప్పున సేకరించి, గీత చూపినదీ కాటా చూపినదీ పక్కపక్కన రాసి పంపండి.