క్రిమినల్ లాయర్‌ని పెట్టుకునే ముందు ఏం చూడాలి, ఏం అడగాలి

ఇంట్లో ఒకళ్ల మీద కేసు పడిందంటే ఆ కంగారులో ఎవరో ఒక లాయర్ నంబర్ ఇస్తారు, మనం వెళ్లి వకాలత్ (మన తరఫున వాదించమని లాయర్‌కి రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టేస్తాం. మా బాబాయ్ విషయంలో మేం చేసింది అదే. ఆ లాయర్ గారి బోర్డు మీద ఎల్ఎల్ఎం (లాలో పీజీ) అని ఉంది, మనిషి మర్యాదస్తుడే, కానీ ఆయన చేసేవన్నీ భూమి పంపకాల దావాలు. పదేళ్ల లోపు శిక్ష ఉండే కేసుల్లో రిమాండ్ (కోర్టు కస్టడీకి పంపడం) అయిన దగ్గర్నుంచి 60 రోజుల్లో పోలీసులు చార్జిషీట్ వెయ్యకపోతే బెయిల్ మన హక్కు, 61వ రోజు పొద్దున్నే పిటిషన్ పడాలి, ఈయన రెండ్రోజులు ఆగారు, ఈలోపు చార్జిషీట్ పడింది, ఆ హక్కు అక్కడితో పోయింది. బాబాయ్ ఇంకో నెలన్నర లోపలే ఉన్నాడు.

అందుకే చెప్తున్నా, డిగ్రీల దగ్గర ఆగిపోవద్దు. ఇంటర్ తర్వాత 5 ఏళ్ల కోర్సు గానీ డిగ్రీ తర్వాత 3 ఏళ్ల ఎల్ఎల్‌బీ గానీ చేసి, బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అయ్యి, ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ పాసైతే ప్రాక్టీస్ చెయ్యొచ్చు. క్రిమినల్ కేసులకి వేరే లైసెన్స్ అంటూ ఏం లేదు, ఎల్ఎల్ఎం ఉండాలన్న రూల్ కూడా లేదు. ఎన్‌రోల్‌మెంట్ నంబర్ మాత్రం అడగండి, దాని చివర ఉండే సంవత్సరం చూస్తే ఎప్పుడు ఎన్‌రోల్ అయ్యారో తెలిసిపోతుంది.

అసలు పని ఆ తర్వాత ఉంది. ఈ-కోర్ట్స్ సైట్‌లో కేస్ స్టేటస్‌కి వెళ్లి, జిల్లా, కోర్టు ఎంచుకుని, అడ్వకేట్ ఆప్షన్‌లో పేరు కొట్టండి, పెండింగ్‌లో ఉన్నవీ అయిపోయినవీ రెండూ వస్తాయి. ఎక్కువగా ఓఎస్ అని ఉంటే సివిల్ దావాలు, సీసీ అంటే మేజిస్ట్రేట్ కోర్టు క్రిమినల్ కేసులు, ఎస్‌సీ అంటే సెషన్స్ కేసులు. మీది మర్డర్ కేసై ఆయనకి ఒక్క సెషన్స్ కేసు కూడా లేకపోతే ఆలోచించుకోండి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు, స్పెల్లింగులు కూడా తేడాగా ఎక్కిస్తారు, కాబట్టి ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో కూడా ఒకసారి వెతకండి.

వీలైతే ఒక పూట కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోండి, మామూలుగా ఎవరైనా కూర్చోవచ్చు. మేం రెండోసారి పెట్టుకున్న మేడమ్‌ని అలాగే చూశాం. సాక్షి పోలీసులకి ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో మూడు లైన్లకి పెన్సిల్ గీతలు పెట్టుకొచ్చారు, గొంతు పెంచలేదు, ఈ మాట అప్పుడు పోలీసులకి చెప్పలేదు కదా అని ఒక్కొక్కటే అడిగి రికార్డులోకి ఎక్కించారు. ఫైల్ చదివి వచ్చిన మనిషి అంటే ఏంటో నాకు ఆ పది నిమిషాల్లో అర్థమైంది.

మాట్లాడేటప్పుడు కొత్త చట్టాల గురించి కూడా అడగండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ (నేరాలు, శిక్షల చట్టం), సీఆర్పీసీ (కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం), ఎవిడెన్స్ యాక్ట్ (సాక్ష్యాల చట్టం) స్థానంలో వరసగా బీఎన్ఎస్, బీఎన్ఎస్ఎస్, బీఎస్ఏ వచ్చాయి. పాత సీఆర్పీసీలో 482 అంటే కేసు కొట్టెయ్యమని హైకోర్టుకి వెళ్లే సెక్షన్, కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్. రోజూ క్రిమినల్ కోర్టుకెళ్లే లాయర్ ఇందులో తడబడరు. వాయిదాకి మీరే వస్తారా జూనియర్‌ని పంపిస్తారా, సాక్షిని క్రాస్ చేసేది (ఎదురు ప్రశ్నలు అడిగేది) ఎవరు అన్నది కూడా ముందే తేల్చుకోండి.

బెయిల్ గ్యారంటీ అనేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి. గెలిస్తే ఇంత అని ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం కుదరదు. ఫీజుకి రసీదు అడగండి. డబ్బుల్లేవని భయపడొద్దు, కస్టడీలో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 15100కి ఫోన్ చెయ్యండి.

లాయర్‌ని మార్చాలనుకుంటే ఫీజు బాకీ ఉందని ఫైల్ ఆపేసే హక్కు ఆయనకి లేదు, సుప్రీంకోర్టు 2000లోనే ఆ మాట చెప్పింది. ఎవర్ని పెట్టుకున్నా ఆ 60 రోజుల లెక్క, పదేళ్లు, అంతకు మించి శిక్ష ఉండే పెద్ద కేసైతే 90 రోజులు, మీరు కూడా ఒక కాగితం మీద రాసుకోండి, రిమాండ్ అయిన రోజుని కూడా కలిపే లెక్కపెట్టాలి, గడువు ముగిసే ముందు రోజే లాయర్‌కి ఫోన్ చేసి పిటిషన్ రెడీగా ఉందా అని అడగండి.