తొలి ఇంటి రుణం: పన్ను తగ్గకపోతే, రాయితీ రాకపోతే

తొలి ఇల్లు కొన్నవారికి పన్ను లాభం అందలేదంటే చాలాసార్లు కారణం ఏదో ఒక తేదీ. రుణం మంజూరు పత్రం దగ్గర పెట్టుకుని చదవండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి. ఇక్కడ రాసినవి అందరికీ అలవాటైన పాత నంబర్లే.

వడ్డీ కడుతున్నా పన్ను తగ్గలేదు

కారణం: 2023-24 నుంచి ఏమీ ఎంచుకోకపోతే కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది. సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి 24(బి) కింద ఇచ్చే 2 లక్షలు, అసలుకు 80సి కింద ఇచ్చే 1.5 లక్షలు పాత విధానంలోనే ఉన్నాయి.

పరిష్కారం: ఆఫీసులో కొత్త విధానం అని చెప్పినా, జీతం మీదే బతికేవారు రిటర్నులో పాతది ఎంచుకోవచ్చు. అయితే గడువు దాటితే ఆ వీలు పోతుంది. 2025-26 నుంచి కొత్త విధానంలో 12.75 లక్షల దాకా జీతానికి పన్నే లేదు. అలాంటివారు వడ్డీ కోసం పాత విధానానికి వెళ్లడం కొరివితో తల గోక్కోవడమే.

ఇల్లు చేతికి రాలేదు, ఈఎంఐ మాత్రం ఆగలేదు

కారణం: నిర్మాణం పూర్తయ్యేదాకా వడ్డీకి మినహాయింపు లేదు.

పరిష్కారం: ఆ వడ్డీ మొత్తం వృథా కాదు. పూర్తయిన ఏడాదికి ముందు మార్చి 31 వరకు కట్టిన వడ్డీని కూడి, అయిదు సమాన భాగాలు చేసి ఏటా ఒకటి చూపించాలి. ఉదాహరణకు పాత వడ్డీ 3 లక్షలైతే ఏటా 60,000. ఆ ఏడాది వడ్డీ 1.6 లక్షలుంటే మొత్తం 2.2 లక్షలు అవుతుంది, కానీ పరిమితి 2 లక్షలే కాబట్టి 20,000 పోయినట్టే. రుణం తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక అయిదేళ్లలో ఇల్లు పూర్తికాకపోతే దెబ్బ ఇంకా పెద్దది: పరిమితి 30,000కు పడిపోతుంది. బిల్డరు తీపి మాటలకన్నా పూర్తయినట్టు ఇచ్చే ధ్రువపత్రం మీదే కన్నుండాలి.

80ఈఈఏ అదనపు మినహాయింపు తిరస్కరించారు

80ఈఈఏ అంటే తొలి ఇంటి రుణం వడ్డీకి అదనంగా ఇచ్చే మినహాయింపు. 2019 ఏప్రిల్ 1 - 2022 మార్చి 31 మధ్య మంజూరైన రుణాలకే అది. తర్వాత తీసుకున్నవారికి దారి లేదు. రిటర్నులో చూపించి ఉంటే సవరించండి.

వాయిదా నాదే, మినహాయింపు నాకు రాదంటున్నారు

ఇల్లు నాన్నగారి పేరు మీదే ఉంటే, సహ రుణగ్రహీతగా ఎంత కట్టినా లాభం లేదు. దస్తావేజులో కూడా పేరుండాలి. భార్యాభర్తలిద్దరూ యజమానులై, ఇద్దరూ రుణంలో ఉండి, తమ వాటా కడితే ఒక్కొక్కరికి 2 లక్షల దాకా వస్తుంది.

పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) వడ్డీ రాయితీ రాలేదు

కారణం: పాత వడ్డీ రాయితీ పథకం 2022 మార్చితో ముగిసింది. ఇప్పుడున్న పీఎంఏవై పట్టణ 2.0లో 2024 సెప్టెంబరు 1 నుంచి మంజూరై విడుదలైన రుణాలే చెల్లుతాయి. కుటుంబ ఆదాయం 9 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు దాటకూడదు. దేశంలో ఎక్కడా కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదు. కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. ఊళ్లో భార్య పేరున ఉన్న డాబా ఇల్లు లెక్కలోకి రాదనుకుని దరఖాస్తు పెట్టేవారే ఎక్కువగా ఇరుక్కుంటారు.

పరిష్కారం: అర్హత ఉంటే రుణమిచ్చిన బ్యాంకు ద్వారా దరఖాస్తు పెట్టండి. గరిష్ఠంగా 1.80 లక్షలు, అయిదు వార్షిక వాయిదాల్లో రుణ ఖాతాలో పడతాయి. ప్రతి వాయిదా విడుదలయ్యే నాటికి ఖాతా నడుస్తూ, అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి. చిట్టీ పాడిన డబ్బుతో అప్పు ముందే తీర్చేద్దామనుకునేవారు ఎంత కడితే సగం దాటుతుందో బ్యాంకులో అడిగి కట్టండి.