మన పేట జట్టు రాత్రి మ్యాచ్‌కి వెళ్తున్నారా? సంచిలో ఇవి పెట్టుకోండి

నేను విశాఖపట్నం కంచరపాలెంలో బట్టలు కుడతాను. మా అన్నయ్య కొడుకు మా పేట ఫుట్‌బాల్ క్లబ్బులో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ పక్క గోలు కాచే చోట ఆడతాడు. తొమ్మిదేళ్ళుగా ఆ జట్టు మ్యాచ్‌లకి వెళ్తున్నాను. మొదట్లో మా వీధి ఆడవాళ్ళు ఇద్దరే నాతో వచ్చేవారు. ఇప్పుడు ఆదివారం మ్యాచ్ అయితే పాతికమందిమి అవుతాం. కొత్తగా వచ్చేవాళ్ళు ఏం తేవాలి, ఎక్కడ కూర్చోవాలి అని అడుగుతూనే ఉంటారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒకటి తెలుసుకోండి. మన గ్రౌండులో గీతకీ మనకీ మధ్య నాలుగు అడుగులే ఉంటాయి. మనం అన్న ప్రతి మాటా ఆడే కుర్రాళ్ళ చెవిన పడుతుంది. కాబట్టి మీరు అక్కడ చూడ్డానికి మాత్రమే వెళ్ళడం లేదు.

మధ్యాహ్నమే క్లబ్బు వాళ్ళకి ఫోన్ చేసి మ్యాచ్ ఉందో లేదో కనుక్కోండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం అంటే చాలు, సాయంత్రానికి గ్రౌండు చెరువైపోతుంది. మ్యాచ్ ఉందంటే ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: "ఎంతమంది వస్తున్నారు?"

ఇది ఎందుకంటే, మా వాళ్ళలో సగం మంది షిఫ్టు డ్యూటీలు చేస్తారు. స్టీల్ ప్లాంటులో బి షిఫ్టు పడినవాడు రాత్రి పది దాకా బయటికి రాలేడు. జట్టులో ఏడుగురికి తక్కువ ఉంటే మ్యాచ్ మొదలుపెట్టకూడదని రూలు. రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం ఆరున్నరకి మ్యాచ్, ఆరుంబావుకి మా వైపు ఆరుగురే ఉన్నారు. అవతలి జట్టు పదకొండుమందీ బూట్లు కట్టేసుకుని బంతి ఆడుతున్నారు. మా పక్కింటి తమ్ముడు బండి తీసి ఎన్‌ఏడీ జంక్షన్ వైపు పరుగెత్తాడు. అక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఒక కుర్రాణ్ణి వెనక ఎక్కించుకుని వచ్చాడు. ఆ పిల్లాడి భుజానికి క్యారేజీ సంచి ఇంకా వేలాడుతూనే ఉంది. పేర్లన్నీ ముందే రాసి ఇచ్చాం కాబట్టి ఏడుగురితో మొదలుపెట్టి, మిగతావాళ్ళు వచ్చిన కొద్దీ రిఫరీ సైగ చేశాక ఒక్కొక్కరుగా లోపలికి దిగారు. మొదటి పావుగంట ఏడుగురూ గోలు ముందే నిలబడి కాచుకున్నారు. ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. నేను చూసిన మ్యాచ్‌లన్నిటిలోకీ నాకు ఇష్టమైన పావుగంట అదే. మీకు బండి ఉంటే ఆ విషయం మేనేజరుకి ముందే చెప్పి పెట్టండి. డప్పు తెచ్చినవాడి కన్నా బండి తెచ్చినవాడితో ఎక్కువ పని పడే రోజులుంటాయి.

ఇక సంచి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ క్లబ్బు వాళ్ళు తెస్తారు, మీ సీసా మీరు తెచ్చుకోండి. హాఫ్ టైమ్ పావుగంటలో తినడానికి బత్తాయిలు తొనలు వలిచి డబ్బాలో పెట్టండి, అరటిపళ్ళు కూడా మంచివే. గోలీకి, అంటే గోల్‌కీపర్‌కి, రెండు పొడి తువ్వాళ్ళు ఇవ్వండి. చలికాలం రాత్రి మంచు పడితే బంతి సబ్బులా జారుతుంది.

ఐసు మాత్రం మరిచిపోవద్దు. మార్కెట్లో చేపలమ్మే అక్క దగ్గర సాయంత్రం మిగిలిన ఐసు ముక్కలు అడిగితే ఇస్తుంది. రెండు కవర్లలో కట్టి, పైన నూలు గుడ్డ చుట్టండి. చీలమండ బెణికినవాడికి ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. గుడ్డ మీదుగా పావుగంట పెట్టి తీసేయాలి. మోకాలు వాచి నిలబడలేకపోతే ఐసుతో సరిపెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

నా సంచిలో అడుగున పదకొండు పసుపుపచ్చ చేతుల్లేని బనీన్లు ఉంటాయి. వాటి వెనక కథ ఉంది. ఒక టోర్నమెంటులో మేమూ నీలం, అవతలివాళ్ళూ నీలం. రెండు జట్ల రంగులు వేరుగా కనబడాలి, గోలీల రంగు మిగతా అందరికీ వేరుగా ఉండాలి. మార్చుకునేదాకా ఆట మొదలుపెట్టనన్నాడు రిఫరీ, అతను చేసింది న్యాయమే. మా దగ్గర రెండో సెట్టు లేదు. కుర్రాళ్ళు ఇంటి చొక్కాలు వేసుకుని, వీపు మీద చాక్‌పీసుతో నంబర్లు రాసుకుని ఆడారు. చెమటకి నంబర్లు చెరిగిపోయాయి, రిఫరీ హెచ్చరికగా చూపే ఎల్లో కార్డు ఎవరికిచ్చాడో కూడా మాకు అర్థం కాలేదు. మర్నాడే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి పసుపు బట్ట కొన్నాను. నంబర్లు నల్ల బట్టతో కత్తిరించి, చుట్టూ రెండు వరసలు కుట్టాను. మీకు కుట్టు రాకపోయినా ఫరవాలేదు, సూది, నల్ల దారం, నాలుగు పిన్నీసులు సంచిలో వేసుకోండి. ఎవరిదో ఒకరిది చిరుగుతుంది.

డిసెంబరులో మన ఊళ్ళో ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. లైట్లు వేసేలోపే చేరుకుని, గోలు వెనక కాకుండా పక్క గీత వెంబడి కూర్చోండి. అవతలి జట్టు డిఫెన్స్ వరసకి, అంటే వాళ్ళ గోలు కాచేవాళ్ళకి, ఎదురుగా ఉంటే ఆఫ్‌సైడ్ కాస్తయినా తెలుస్తుంది. పాస్ ఇచ్చిన క్షణంలో, అవతలి సగంలో, బంతి కన్నా ముందు, వాళ్ళ చివరి నుంచి రెండో మనిషిని కూడా దాటి మనవాడు నిలబడి ఆటలో కలగజేసుకుంటే ఆఫ్‌సైడ్. చివరి మనిషి సాధారణంగా గోలీయే. పక్క గీత దగ్గర చేతులతో విసిరే త్రో నుంచి, మూల నుంచి కొట్టే కార్నర్ నుంచి, గోలు ముందు నుంచి కొట్టే గోల్ కిక్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదు. ఇది తెలియక మా వాళ్ళు ఎన్నిసార్లు రిఫరీ మీద అరిచారో. అతన్ని తిట్టొద్దు. చాలాసార్లు అతనూ పని ముగించుకుని వచ్చిన కుర్రాడే. 

ఇప్పుడు అరవడం గురించి. మొదటి ఏడాది నేను "కొట్టు! కొట్టు!" అని గొంతు పోయేలా అరిచేదాన్ని. ఒక రాత్రి ఇంటికొచ్చి అన్నం తింటూ మా వాడు నెమ్మదిగా అన్నాడు: "అత్తా, నువ్వు కొట్టమంటావు, కోచ్ పాస్ ఇమ్మంటాడు. నాకు రెండూ వినపడతాయి. కాలు ఆగిపోతోంది." ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు. ఆ రోజు నుంచి ఎలా ఆడాలో చెప్పే మాట ఒక్కటీ అనను, అది కోచ్ పని. పేరు పెట్టి పిలుస్తాను. పరుగెత్తి వెనక్కి వచ్చినవాణ్ణి మెచ్చుకుంటాను. గోలు కొట్టినవాడికి ఎలాగూ అందరూ చప్పట్లు కొడతారు. అవతలివాడి కాలికింద నుంచి బంతి తీసినవాడికి, తప్పు పాస్ ఇచ్చి తల దించుకున్నవాడికి ఆ నిమిషంలోనే పేరు వినపడాలి. అందుకే మ్యాచ్‌కి ముందే పదకొండుమంది పేర్లూ నేర్చుకోండి, బెంచీ మీద ఉన్నవాళ్ళవి కూడా.

ఆటలో దెబ్బ తగిలి ఎవరైనా పడిపోతే డప్పు వాయించేవాళ్ళు వెంటనే ఆపాలి. అవతలి కుర్రాడు పడినా అంతే. వాళ్ళమ్మ కూడా ఎక్కడో గట్టు మీద కూర్చునే ఉంటుంది.

ఖర్చుకి మనిషికి యాభై రూపాయలు వేసుకుంటాం. బంతులు, లైట్ల కరెంటు, రిఫరీకి ఇచ్చేది అందులోంచే. ఇవ్వలేనివాళ్ళు పులిహోర కలిపి తెస్తారు, అదీ లెక్కే.

విజిల్ వేయగానే లేచి వెళ్ళిపోవద్దు. ఓడిన రాత్రయితే మరీను. కుర్రాళ్ళు గీత దగ్గరికి వచ్చేదాకా నిలబడండి. స్కోరు ఎత్తకుండా నీళ్ళివ్వండి. గెలిస్తే అందరం ఆర్కే బీచ్‌కి పోయి మరమరాల మూరీ మిక్చర్ తింటాం, ఓడినా నలుగురైదుగురం వెళ్తాం. పది దాటితే సిటీ బస్సులు పలచబడతాయి, కాబట్టి ఆడపిల్లల్ని ముందే ఒక ఆటోలో కలిపి, పెద్దవాళ్ళు ఒకరు తోడుగా ఎక్కి ఇంటి గుమ్మం దాకా దింపాలి.

బయల్దేరేముందు బనీన్లు లెక్కపెట్టండి. పదకొండూ ఉండాలి. ఎర్రమట్టి ఆరిపోతే వదలదు కాబట్టి ఇంటికెళ్ళగానే చన్నీళ్ళలో నానబెట్టి, పొద్దున్నే సబ్బు పెట్టి, తిరగేసి నీడలో ఆరెయ్యండి. పోయిన వారం నాలుగో నంబరు అంచు ఊడింది. ఆదివారం మ్యాచ్ ఉంది, ఇవాళ రాత్రికే దాన్ని కుట్టాలి.