బెంగళూరులో కొత్తగా చేరుతున్నారా? ఇంటి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

మడివాళలో బస్సు దిగిన ప్రతివాళ్లూ ముందు అడిగేది పీజీ (తిండితో సహా అద్దెకిచ్చే హాస్టల్ గది) ఎక్కడ బాగుంటుందనే. అది పెద్ద సమస్య కాదు, మారతహళ్లిలోనో బీటీఎంలోనో రెండు రోజులు తిరిగితే దొరుకుతుంది, ఆంధ్రా మెస్‌లకీ కొదవలేదు, కన్నడ మెల్లగా వస్తుంది (ఆటోలో రెండు ముక్కలైనా మాట్లాడండి, వాళ్లకి సంతోషం). నేను చెప్పాలనుకున్నది డబ్బు సంగతి.

మీ జీతం ఇక్కడి ఆఫీసే వేస్తుంది గానీ, ఐటీలో చాలా ప్రాజెక్టులకి డబ్బు వచ్చేది అమెరికా, యూరప్ క్లయింట్ల దగ్గర్నుంచి. 2022 మార్చి దాకా సున్నాకి దగ్గరగా ఉన్న వడ్డీని, ధరలు మండిపోతున్నాయని అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2023 జూలైకల్లా 5.25–5.50 శాతానికి తీసుకెళ్లింది. అప్పు ఖరీదైతే అక్కడివాళ్లు ముందు ఆపేది కొత్త ప్రాజెక్టులనే, ఆ తర్వాత ఇక్కడ బెంచ్, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చునేవాళ్ల సంఖ్య, పెరుగుతుంది. అదే సమయంలో మన రిజర్వ్ బ్యాంకు కూడా రెపో రేటును (బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీని) 4 నుంచి 6.5 శాతానికి పెంచింది, అంటే ఉద్యోగం ఊగుతున్నప్పుడే ఈఎంఐ కూడా పెరిగింది. మళ్లీ తగ్గించడం మొదలుపెట్టింది 2025 ఫిబ్రవరిలో.

ఆ రోజుల్లో మా ఊరి కుర్రాడొకడు, చేరి రెండేళ్లయింది, అమ్మానాన్నల్ని తెచ్చుకుందామని టూబీహెచ్‌కేకి లక్షన్నర అడ్వాన్స్ కట్టాడు. అందులో సగం వాళ్ల నాన్న పత్తి అమ్మిన డబ్బు. ఒకరోజు హెచ్‌ఆర్ వాళ్లు చిన్న గదిలోకి పిలిచి, ఇప్పుడే రాజీనామా మెయిల్ పెడితే రిలీవింగ్ లెటర్ (పద్ధతిగా మానేశాడనే కాగితం) ఇస్తాం, లేకపోతే రికార్డులో టర్మినేషన్, అంటే తీసేశారని పడుతుంది అన్నారట. భయపడి అక్కడే కూర్చుని పెట్టేశాడు. సాయంత్రం నా గదికొచ్చి షూ కూడా విప్పకుండా మంచం మీద కూర్చుని, ఇంట్లో ఎలా చెప్పాలన్నా అని ఒకటే మాట. ఇల్లు ఖాళీ చేస్తానంటే లాకిన్ (ఇన్ని నెలల లోపు ఖాళీ చేయకూడదనే షరతు) అని, పెయింటింగ్ అని ఓనర్ అడ్వాన్స్‌లో బాగా కోసుకున్నాడు.

ఆ మెయిల్ గురించి నాకు ఇప్పటికీ బాధే. ఏడాది దాటిన వర్కర్‌ని కంపెనీయే తీసేస్తే నెల నోటీసుతో పాటు, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం ఇవ్వాలని మన చట్టంలో ఉంది, మేనేజర్లకి వర్తించదంతే. మీరే రాజీనామా చేశారని కాగితం మీద పడ్డాక అది అడగడం చాలా కష్టం. జర్మనీలోనైతే ఇలాంటి గడ్డుకాలంలో మనిషిని తీసేయకుండా పని గంటలు తగ్గించి, పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం ప్రభుత్వమే సర్దుతుంది. మన ఐటీ వాళ్లకి అలాంటి ఏర్పాటు లేదు, అందుకే ఎవరి జాగ్రత్త వాళ్లదే అవుతోంది, అలా ఉండకూడదని నా అభిప్రాయం.

కాబట్టి మొదటి ఆర్నెల్లు పీజీలోనే ఉండండి, నాలుగైదు నెలల ఖర్చు చేతిలో పడ్డాకే అడ్వాన్స్ జోలికి వెళ్లండి, 11 నెలల అగ్రిమెంట్‌లో లాకిన్ ఎంతో, పెయింటింగ్‌కి ఎంత కోస్తారో సంతకానికి ముందే చదవండి. ఆ చిన్న గదిలోకి పిలిస్తే అక్కడే ఏ మెయిలూ పెట్టకండి, ఇంట్లో మాట్లాడి రేపు చెప్తానని లేచి వచ్చేయండి. బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక భవన (కార్మిక శాఖ ఆఫీసు) ఉంది, ఐటీ ఉద్యోగులకి కిటూ అనే యూనియన్ ఉంది, అడగడానికి మొహమాటపడొద్దు. ఆఫర్ లెటర్, పేస్లిప్‌లు ఇవాళే మీ సొంత మెయిల్‌కి పంపుకోండి, ఎందుకంటే ఆ కుర్రాడి లాప్‌టాప్ ఆ సాయంత్రమే లాక్ అయిపోయింది.