కుట్ల భయం తగ్గించుకున్న తీరు

మా అక్క తొలి కాన్పులో యోనిద్వారం దగ్గర లోతుగా చిరిగి, కుట్లు పడి, చాలా రోజులు సరిగా కూర్చోలేకపోయింది. అందుకే నేను తిరుపతిలో చూపించుకునే డాక్టరమ్మను ఈ సంగతి ముందే అడిగాను. యోనిద్వారానికి, మలద్వారానికి మధ్య భాగాన్ని గర్భం 35వ వారం నుంచి మర్దన చేసుకోమన్నారు. తొలిచూలు వారికే ఇది ఎక్కువ మేలు చేస్తుందట.

గోళ్లు కత్తిరించి, చేతులు కడుక్కుని, బొటనవేళ్లకు శుభ్రమైన కొబ్బరినూనె రాసుకోవాలి. వాటిని యోనిలోకి అంగుళం మేర పోనిచ్చి, కిందికీ పక్కలకీ మెల్లగా సాగదీయాలి. కాస్త మంట అనిపించవచ్చు, నొప్పి మాత్రం పుట్టకూడదు. ఐదు నిమిషాల చొప్పున వారానికి ఒకటి రెండు సార్లు చాలు. ఉమ్మనీరు పోతున్నా, రక్తం కనిపించినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, గర్భసంచిలో మాయ కిందికి ఉన్నా చేయకూడదు. ఇంత ఉపయోగపడే విషయం మన ఇళ్లలో సిగ్గు చాటున ఉండిపోవడం నాకు బాధగా ఉంది. "మాకెవరూ చెప్పలేదమ్మా" అంది అమ్మ.

కాన్పు సమయంలో పక్కకు తిరిగి పడుకున్నాను. నర్సమ్మ ఆ భాగం మీద గోరువెచ్చని తడిగుడ్డ అదిమిపట్టింది. తల బయటపడేటప్పుడు ముక్కడం ఆపి, చిన్నచిన్నగా ఊపిరి వదలమంది. పైచర్మమే కొద్దిగా చిరిగింది. మర్దన చేసుకున్నంత మాత్రాన చిరగదని హామీ లేదు, ప్రమాదం తగ్గుతుందంతే. వెచ్చని గుడ్డ సంగతి మాత్రం ఆసుపత్రిలో ముందుగానే మాట్లాడుకోండి; నొప్పులు మొదలయ్యాక అడిగే ఓపిక ఉండదు.