పాత టర్బో విప్పుకొచ్చే ముందు

టర్బో అంటే ఇంజిన్ ఎగ్జాస్ట్ తోపుకు తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే యంత్రం. ఎగ్జాస్ట్ వైపు టర్బైన్ చక్రం, గాలి వైపు కంప్రెసర్ చక్రం, రెంటినీ కలిపేది షాఫ్ట్. తుక్కు యార్డులో టర్బో కనబడగానే చాలామంది చేసే మొదటి పని, దాని మూతిలో వేలు పెట్టి షాఫ్ట్ ఊపి చూడటం. అది చెయ్యాల్సిందే, కానీ మొదట కాదు. మొదట చూడాల్సింది అది బిగించి ఉన్న కారును. ఈ బండి ఇక్కడికి ఎందుకు వచ్చింది? గుద్దుకుని వచ్చిందా, నీళ్లలో మునిగి వచ్చిందా, కాలిపోయి వచ్చిందా, ఇంజిన్ పట్టేసి వచ్చిందా? డిక్కీ నుజ్జునుజ్జయి, బానెట్ కింద మాత్రం అన్నీ ఎక్కడివక్కడ ఉన్న కారు దొరికితే అక్కడే ఆగండి. దెబ్బ తగిలిన నిమిషం వరకూ నడుస్తూ ఉన్న బండి అది. మునిగినవి, కాలినవి, ఇంజిన్ పోయినవి ఎంత చవకగా ఇస్తానన్నా నేనైతే ముట్టుకోను.

తర్వాత డిప్‌స్టిక్ తీసి తెల్లగుడ్డకు తుడవండి. ఆయిల్ నల్లగా ఉండటం తప్పేమీ కాదు, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా ఇట్టే నల్లబడుతుంది. రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతోందా? ఎండకు పట్టి చూస్తే వెండి రజనులా ఏమైనా మెరుస్తోందా? నీళ్లు కలిసి పాలకాఫీ రంగుకు తిరిగిందా? ఆయిల్ పోసే మూత తీస్తే లోపల తారులాంటి మడ్డి పేరుకుని ఉందా? వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ టర్బో వద్దు.

ఆయిల్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణముంది. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, చిన్న టర్బోలైతే రెండు లక్షలు కూడా దాటతాయి. మామూలు బేరింగుల రకంలో ఆ షాఫ్ట్ లోహానికి తగలకుండా పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర కొద్ది సెకన్లు తెగినా బేరింగు గీసుకుపోతుంది. టర్బో తనంతట తాను పాడవడం అరుదు. ఆయిల్ అందకో, మురికి ఆయిల్ తాగో, బయటి వస్తువేదో లోపల పడో పాడవుతుంది. ఈ మూడింటికీ సాక్ష్యం ఆ కారులోనే ఉంటుంది. విప్పేసి బల్ల మీద పెట్టాక ఆ సాక్ష్యమంతా పోతుంది.

ఇది నాకు మొదటి టర్బోతోనే తెలిసొచ్చింది. ఒక యార్డులో ముందే విప్పి, కడిగి వరసగా పెట్టిన వాటిలోంచి ఎంచుకున్నాను. అల్యూమినియం తళతళలాడుతోంది, షాఫ్ట్ పెద్దగా ఆడటం లేదు, రెక్కలు బాగున్నాయి. బిగించిన నాలుగో రోజుకే ఈల లాంటి శబ్దం మొదలైంది, ఆ సాయంత్రానికి సైలెన్సర్ నుంచి నీలం పొగ. విప్పి చూస్తే షాఫ్ట్ నీలం రంగుకు తిరిగి ఉంది. ఆయిల్ లోపలికి వెళ్లే రంధ్రంలో స్క్రూడ్రైవర్ కొనతో గీరితే బొగ్గుపెళ్లల్లా రాలింది. ఎన్నాళ్లుగానో వేడికి మాడి గడ్డకట్టిన ఆయిల్ అది. బయట కడిగినవాళ్లు లోపల కడగలేదు, నేను టార్చి వేసి చూడలేదు. అప్పటినుంచి ఆయిల్ వెళ్లే రంధ్రం, వచ్చే రంధ్రం రెండూ వెలుతురు వేసి చూడకుండా ఏ టర్బోనూ చేతిలోకి తీసుకోలేదు.

ఇప్పుడు షాఫ్ట్ సంగతి. గాలి గొట్టం ఊడదీసి, కంప్రెసర్ చక్రం నడిమి నట్టును రెండు వేళ్లతో పట్టుకోండి. పక్కలకు ఊపితే కొంచెం ఆడుతుంది. మామూలు బేరింగుల టర్బోలో అది సహజం, నడిచేటప్పుడు ఆ సందును ఆయిల్ నింపుతుంది. దాన్ని చూసి మంచి టర్బోను వదిలేసినవాళ్లు ఉన్నారు. అయితే చక్రాన్ని ఒక పక్కకు నొక్కిపట్టి మెల్లగా తిప్పినప్పుడు రెక్క ఎక్కడా గోడకు తగలకూడదు. బాల్ బేరింగు రకమైతే ఆ పక్క ఆట కూడా ఇంచుమించు ఉండదు. ఆ తర్వాత షాఫ్ట్‌ను ముందుకు లాగి వెనక్కి తొయ్యండి. ఈ దిశలో కదలిక వేలికి స్పష్టంగా తెలిసిందంటే షాఫ్ట్‌ను ముందువెనకలకు కదలనివ్వని థ్రస్ట్ బేరింగు అరిగినట్టే. ఉండాల్సింది వెంట్రుకవాసి మాత్రమే.

రెక్కల అంచుల మీద గోరు నడపండి. గోరు తట్టుకుంటే అక్కడ చిన్న గంటు ఉంది. అంచులన్నీ ఇసుకకాగితంతో రుద్దినట్టు మొద్దుబారి ఉంటే, ఆ బండి ఎయిర్ ఫిల్టర్ లేకుండానో చిరిగినదానితోనో తిరిగిందన్నమాట. ఎగ్జాస్ట్ వైపు రెక్కలు ఇంకా శ్రద్ధగా చూడాలి. ఇంజిన్‌లో విరిగిన ముక్క ఏదైనా ముందు తగిలేది వాటికే. ఒక్క రెక్క కొన ఊడినా బ్యాలెన్స్ పోతుంది, అంత వేగంలో అది ఎన్నో రోజులు నిలవదు. కంప్రెసర్ లోపల కొంచెం జిడ్డు ఉండటం మామూలే, క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు భాగం) ఆవిర్లతో వస్తుంది. టర్బైన్ వైపు తడితడిగా ఆయిల్ ఉంటేనే అనుమానించాలి. ఎక్కువైన ఎగ్జాస్ట్‌ను పక్కదారి పట్టించే వేస్ట్‌గేట్ రంధ్రం పక్క గోడలో సన్నటి పగుళ్లు చాలావాటికి ఉంటాయి. పగులు బయటి గోడకో బోల్టులు బిగించే ఫ్లాంజి ముఖానికో చేరితే మాత్రం ఆ హౌసింగ్ పనికిరాదు.

యార్డులోని గాలి మెషీన్‌తో గాలి కొట్టి చక్రాన్ని గిరగిరా తిప్పి చూపిస్తానంటే ఒప్పుకోవద్దు. ఆయిల్ లేకుండా ఆ వేగంలో తిప్పితే అప్పటిదాకా బాగున్న బేరింగు కూడా పోతుంది. చక్రం నట్టు విప్పి లోపల చూడాలని కూడా అనుకోవద్దు. కొన్నింటికి మర తిరగేసి (ఎడమవైపు) ఉంటుంది, పైగా నట్టు, షాఫ్ట్, చక్రం కలిపి బ్యాలెన్స్ చేసి ఉంటాయి.

విప్పే పనిలో ప్రాణానికి సంబంధించినవి కొన్ని ఉన్నాయి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకు తల పెట్టకండి. యార్డులో చక్రాల్లేని బండ్లు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి, పట్టేసిన బోల్టు మీద రెంచి వేసి బలంగా గుంజితే బండి మొత్తం కదులుతుంది. ముందు స్టాండు చూసుకుని, భుజంతో ఒకసారి నెట్టి, కదలలేదని నమ్మకం కుదిరాకే పని మొదలుపెట్టాలి. హైబ్రిడ్ కారైతే హైవోల్టేజి కరెంటు ఉండే నారింజ రంగు కేబుళ్ల జోలికి పోవద్దు. వేడి తగలకుండా చుట్టిన పాత ఫైబర్ పొరలు ముట్టుకోగానే పొడైపోతాయి, మాస్కు లేకుండా వాటిని పీకకండి.

కాలిన కార్ల విషయం చాలామందికి తెలియదు. కొన్ని ఆయిల్ సీళ్లు, ఓ-రింగులు ఫ్లోరిన్ ఉన్న రబ్బరుతో చేస్తారు. అది బాగా మాడితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. చర్మానికి తగిలితే వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపల మాంసాన్నీ ఎముకనూ తినేస్తుంది. కాలిన ఇంజిన్‌లో జిగటగా నల్లగా అతుక్కున్న రబ్బరును ఉత్త చేత్తో తాకవద్దు. అలాగే క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ చల్లిన చోట గ్యాసు మంట గానీ వెల్డింగు గానీ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. పట్టేసిన స్టడ్డుకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఓపిక పట్టండి. తిరగకపోతే నట్టును కొంచెం బిగించి మళ్లీ వదులు చెయ్యండి, ఒక్క ఊపున తిప్పితే స్టడ్డు తెగుతుంది.

టర్బోతో పాటు ఆయిల్ వచ్చే గొట్టం, దాని బాంజో బోల్టు (మధ్యలోంచి ఆయిల్ వెళ్లే బోలు బోల్టు), ఆయిల్ దిగే గొట్టం, నీళ్ల గొట్టాలు, క్లాంపులు, ఫ్లాంజి ఉన్న డౌన్‌పైపు (టర్బో నుంచి ఎగ్జాస్ట్ దిగే గొట్టం) ముక్క, వేస్ట్‌గేట్‌ను తెరిచి మూసే యాక్చుయేటర్ అన్నీ తెచ్చుకోండి. తర్వాత ఒక్కొక్కటి వెతుక్కోవడం టర్బోను వెతకడం కన్నా కష్టం. నంబరు పలకను ఫోటో తీసుకోండి, ఏ బండి నుంచి తీశారో రాసిన రసీదు అడిగి తీసుకోండి. మోసేటప్పుడు యాక్చుయేటర్ కడ్డీని పట్టుకుని లేపితే దాని అమరిక చెడుతుంది.

సైజు విషయంలో ఆశ పనికిరాదు. పెద్ద టర్బో తెస్తే పికప్ ఆలస్యమవుతుంది, మరీ చిన్నదైతే అది హద్దు మీరిన వేగంలో తిరిగి విరుగుతుంది. మీ ఇంజిన్ సీసీకి, పవరుకు దగ్గరగా ఉన్న బండి నుంచి తీసుకోవడం సురక్షితం. వోల్వో, సాబ్, సుబారు పెట్రోలు కార్లలో వచ్చిన మిత్సుబిషి టీడీ04 కుటుంబం టర్బోలకు పాత సామాన్లలో మంచి పేరు రావడానికి ఇదొక కారణం, మధ్యరకం ఇంజిన్లకు సరిపోతాయి. డీజిల్ టర్బోను పెట్రోలు ఇంజిన్‌కు పెట్టేముందు మాత్రం బాగా ఆలోచించండి. పెట్రోలు ఎగ్జాస్ట్ వెయ్యి డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వెళుతుంది, మామూలు డీజిల్‌ది అంతకన్నా బాగా తక్కువ. ముఖ్యంగా లోపల కదిలే వేన్లు (ఎగ్జాస్ట్‌ను మళ్లించే రేకులు) ఉన్న డీజిల్ టర్బోలు ఆ వేడికి పట్టేస్తాయి. 2006లో పోర్షే 911 టర్బోకు అలాంటి వేన్ల టర్బో పెట్టడానికి వేడిని తట్టుకునే ప్రత్యేక లోహాలు వాడాల్సివచ్చింది.

టర్బో లేకుండా తయారైన ఇంజిన్‌కు ఇది పెట్టబోతుంటే నాకింగే, అంటే సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండటమే, అసలు శత్రువు. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ ఇంజిన్‌కు కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే నిష్పత్తి) 10.25కు 1 ఉండేది, టర్బో ఇంజిన్‌కు అది ఎక్కువే. నాకింగ్ ఆపడానికి నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని చిమ్మేవారు, ఆ డబ్బా ఖాళీ అయితే బూస్టు (టర్బో ఎక్కించే గాలి ఒత్తిడి) దానంతట అదే తగ్గే ఏర్పాటు పెట్టారు. తయారుచేసినవాళ్లే అంత జాగ్రత్త పడ్డారు. గాలీ పెట్రోలు పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ మీటరు, బూస్టు గేజి, సరిచేసిన ట్యూనింగ్ లేకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకండి. మొదట్లో వేస్ట్‌గేట్ స్ప్రింగు ఇచ్చేంత ఒత్తిడితోనే నడపండి.

బిగించేటప్పుడు ఆయిల్ దిగే గొట్టమే ముఖ్యం. ఆయిల్ లోపలికి పంపు ఒత్తిడితో వెళుతుంది, బయటికి మాత్రం తన బరువుతోనే జారాలి. గొట్టం లావుగా, ఎక్కడా వంపు పడకుండా, సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. సీళ్లు పోయాయని తెచ్చే టర్బోల్లో చాలావాటికి సీళ్లు బాగానే ఉంటాయి, దిగే దారి సరిగా ఉండదు. గ్యాస్కెట్లు, రాగి వాషర్లు కొత్తవి వెయ్యండి. ఆయిల్ దారుల్లో సిలికాన్ పేస్టు వాడకండి, ఊడిన చిన్న ముక్క చాలు రంధ్రం మూసుకుపోవడానికి. మీ పాత టర్బో విరిగిపోయి మారుస్తుంటే టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కడగడం మరవద్దు, దాని ముక్కలూ ఆయిలూ అందులోనే ఉంటాయి.

డీజిల్ బండి వాళ్లు ఒకటి ముందే మనసులో పెట్టుకోవాలి. సీలు తెగి ఆయిల్ గాలి దారిలోకి వస్తే ఇంజిన్ ఆ ఆయిల్‌నే మండించుకుంటూ రంకెలు వేస్తుంది, తాళం తీసేసినా ఆగదు. గేర్ల బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరులో వేసి, క్లచ్ వదిలి ఆపెయ్యాలి. గాలి దారికి చెయ్యి అడ్డం పెట్టవద్దు, పెడితే లోపలికి లాగేస్తుంది.

మొదటి స్టార్టుకు ముందు ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి చక్రాన్ని వేలితో తిప్పండి. ఇంధనం అందకుండా చేసి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి. స్టార్టయ్యాక కాసేపు ఐడిల్‌లోనే ఉంచి, ప్రతి జాయింటు కింద టార్చి వేసి కారుతోందేమో చూడండి. వంద కిలోమీటర్లు మెల్లగా తిరిగాక ఆయిల్, ఫిల్టర్ మార్చండి. తీసిన ఫిల్టరును కోసి, కాగితం మడతలు విప్పి, వెలుతురులో చూడండి. మెరుపు ఎక్కడా లేకపోతే, గాలి గొట్టం ఊడదీసి షాఫ్ట్‌ను మళ్లీ ముందుకూ వెనక్కూ లాగి చూడండి. యార్డులో ఎలా ఉందో అలాగే ఉంటే అప్పుడు బూస్టు పెంచే సంగతి ఆలోచించవచ్చు.